అప్‌డేట్: 3 స్టార్ ఏసీయే తీసుకున్నాం

పడగ్గదికి ఒకటిన్నర టన్ను ఏసీ, 3 స్టారా 5 స్టారా అని ఇక్కడ ఇంతకుముందు అడిగింది నేనే. ధరలో తేడా తొమ్మిది వేలు. ఎక్కువమంది "కళ్లు మూసుకుని 5 స్టార్ తీసుకో" అన్నారు. షాపులో అబ్బాయిదీ అదే పాట.

ఇక్కడ ఒకరు లేబుల్ చదవమన్నారు చూడండి, ఆ సలహాతోనే విషయం తేలింది. బీఈఈ (కరెంటు ఆదాను బట్టి స్టార్లు ఇచ్చే కేంద్ర సంస్థ) లేబుల్ మీద వేసే వార్షిక యూనిట్లు ఏడాదికి 1600 గంటలు నడుస్తుందన్న లెక్కతో వేసినవి. మేం వాడేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా, రాత్రి ఎనిమిది గంటలు. 800 కూడా దాటదు. నేను చూసిన రెండు మోడళ్ల మధ్య తేడా 220 యూనిట్లు, మాకు వర్తించేది అందులో సగం. యూనిట్ 9 రూపాయలు వేసుకున్నా ఏడాదికి వెయ్యి లోపే. ఆ తొమ్మిది వేలు తిరిగి రావాలంటే తొమ్మిదేళ్లు పైనే! అద్దె ఇంట్లో అన్నేళ్లు ఎవరుంటారు?

పగలంతా ఏసీ వేసేవాళ్లకు ఈ లెక్క తిరగబడుతుంది. ఇంటి నుంచే పనిచేసే మా తమ్ముడికి 5 స్టారే కొనమన్నాను.

మిగిలిన డబ్బులో కొంత పెట్టి, ఓనర్‌గారిని ఒప్పించి, డాబా మీద ఎండ వేడి తగ్గించే తెల్ల కూల్ పెయింట్ వేయించాం. మాది పై అంతస్తు మరి. మా ఆయన మాత్రం ఇప్పటికీ "ఐదు చుక్కలుంటే బాగుండేది" అంటూనే ఉన్నారు. ఏసీలోది కాపర్ (రాగి) కాయిలేనా అని అడిగినవారికి: అవును, కాపరే.