విశాఖలో మ్యాచ్ చూసి ఆ రాత్రే తిరిగి రావాలా, మర్నాటి దాకా ఉండాలా?

సత్యనారాయణపురం అభిమాని (విజయవాడ):

అందరికీ నమస్కారం. మన ఇందిరాగాంధీ స్టేడియంలో 2002 నవంబరులో వెస్టిండీస్‌తో వన్డే జరిగిన తరువాత భారత పురుషుల జట్టు విజయవాడలో మళ్లీ ఆడలేదు. జట్టును కళ్లారా చూడాలంటే విశాఖకో, హైదరాబాదుకో వెళ్లక తప్పదు. విశాఖ దాదాపు 350 కిలోమీటర్ల దూరం కాబట్టి మ్యాచ్ ముగిసిన రాత్రే బండి ఎక్కాలా, అక్కడే ఉండాలా అన్న వాదన మా మిత్రుల మధ్య ప్రతిసారీ తెగకుండా మిగిలిపోతోంది. నా మాట సూటిగా చెబుతాను. రాత్రి మ్యాచ్‌కు వెళ్లేవారు అక్కడ ఉండటానికి సిద్ధపడే వెళ్లాలి, లేకపోతే ఇంట్లో టీవీలో చూడటమే మేలు.

2023 నవంబరు 23న ఆస్ట్రేలియాతో జరిగిన టీ20లో మన లక్ష్యం 209 పరుగులు. చివరి ఓవరులో వరుసగా మూడు బంతులకు మూడు వికెట్లు పడి, ఆఖరి బంతికి ఒక్క పరుగు కావలసి వచ్చింది. రింకూ సింగ్ సిక్సర్ కొట్టాడు, అది నోబాల్ కావడంతో ఆ ఆరు పరుగులు లెక్కలోకి రాకుండానే మనం గెలిచాం. రైలుకు ఆలస్యమవుతుందని పద్దెనిమిదో ఓవరుకే లేచి వెళ్లేవారు ఏమి పోగొట్టుకుంటారో ఆ రాత్రి తలుచుకుంటే చాలు. స్టేడియం ఉన్న పీఎం పాలెం నగరానికి ఉత్తరాన ఉంటే, రైల్వే స్టేషన్ పాత ఊరి వైపున ఉంది. వేలమంది ఒక్కసారిగా జాతీయ రహదారి మీదికి వచ్చే వేళ ఆ దూరానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

అరండల్‌పేట గుమాస్తా (గుంటూరు):

సోదరా, టీవీలో చూడటమే మేలన్న మాట నాకు కష్టం కలిగించింది. నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో పనిచేస్తాను. ఐపీఎల్ జరిగే మార్చి, ఏప్రిల్ నెలలే యార్డుకు సరుకు ముమ్మరంగా వచ్చే రోజులు. శని, ఆదివారాలు సెలవు, సోమవారం పొద్దున్నే టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపించుకోవడానికి నేను కాటా దగ్గర ఉండి తీరాలి. మ్యాచ్ ఉన్న రోజు విశాఖలో గది అద్దె మా టికెట్ ధరను మించిపోతుంది. రాత్రి రైల్లో కునుకు తీసి తెల్లవారేసరికి విజయవాడలో దిగి గుంటూరు బస్సు ఎక్కడం మాకు సరదా కాదు, ఉన్నది అదొక్కటే దారి. జీతం కోత పడకుండా ఆట చూసే హక్కు మాకు లేదంటారా?

పటమట నుంచి ఒక తల్లి:

గుమాస్తా గారి ఇబ్బంది నిజమైనది, దానిని కాదనను. అయితే ఆడపిల్లతో వెళ్లేవారి లెక్క వేరు. 2025 అక్టోబరులో మహిళల ప్రపంచ కప్ మ్యాచ్‌లకు మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను. 12వ తేదీన ఆస్ట్రేలియా మన 330 పరుగులను ఛేదించేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది. ఆ వేళ ఆటో కోసం కార్ షెడ్ జంక్షన్ దాకా నడిచి, స్టేషన్‌లో బండి కోసం పడిగాపులు పడటానికి నేను సిద్ధంగా లేను. స్టేడియం దగ్గరున్న మధురవాడలోనే గది తీసుకున్నాం. మిథాలీ రాజ్‌తో పాటు మన కృష్ణా జిల్లా అమ్మాయి, క్రికెటర్ రావి కల్పన పేరు కూడా ఆ స్టేడియంలో పెట్టి గౌరవించిన రోజుల్లోనే మా అమ్మాయి అక్కడ ఉండటం నాకు ఎంతో తృప్తినిచ్చింది.

మ్యాచ్ ఓడిన దుఃఖం ఆ తరువాత ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఎక్కాక కొంత తీరింది. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి, మరుసటి ఏడాది ప్రదర్శనశాలగా మారిన నౌక అది. ఒక గదిలో నుంచి మరో గదిలోకి గుండ్రటి ద్వారం గుండా నడుం వంచి, కాలు ఎత్తి దాటాలి. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగాలి. టార్పిడోల పక్కనే నావికులు పడుకునే ఇరుకైన పడకలు చూసి మా అమ్మాయి చాలాసేపు కదలలేదు. రాత్రే వచ్చేసి ఉంటే ఆ ప్రయాణంలో మాకు మిగిలేది ఓటమి ఒక్కటే.

మధురవాడలో స్థిరపడిన తెనాలి వాసి:

ఇక్కడ ఉంటున్నవాడిగా ఒక మాట. ఉండటమా, రావడమా అన్నది ఏ మ్యాచ్ అన్నదానిని బట్టి ఉంటుంది. 2023 మార్చి 19న, ఆదివారం నాడు, భారత్ 26 ఓవర్లలో 117 పరుగులకే ఆలౌట్ అయింది, ఆస్ట్రేలియా 11 ఓవర్లలో పని ముగించింది. చీకటి పడకముందే జనం బయట ఉన్నారు. దానికి గది ఎందుకు? టెస్టుకైతే ఉండి తీరవలసిందే, అప్పుడు నగరం చూడటానికి వేరే సెలవు అక్కరలేదు. 2024 ఫిబ్రవరిలో జైస్వాల్ 209 కొట్టి, బుమ్రా తొలి ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు తీసిన ఇంగ్లండ్ టెస్టు నాలుగో రోజునే ముగిసింది, అయిదో రోజు అందరికీ ఖాళీయే.

ఉండిపోయే కుర్రవాళ్లకు మాత్రం గట్టిగా చెప్పవలసినది ఒకటి ఉంది. రాత్రంతా నిద్ర లేకుండా తెల్లవారి ఆర్కే బీచ్‌లోనో, రుషికొండలోనో నీళ్లలోకి దిగవద్దు. అక్కడి కెరటం వెనక్కు లాగే తీరు మన సూర్యలంకలో చూసినట్లు ఉండదు. బయటి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు మునిగిపోయారన్న వార్త మేము ఇక్కడ మళ్లీ మళ్లీ వింటున్నాం. ఒడ్డున కూర్చుని మురీ మిక్చర్ తినండి, కైలాసగిరి ఎక్కండి.

సత్యనారాయణపురం అభిమాని:

గుమాస్తా గారి హక్కును నేను కాదనలేదు. చివరి ఓవరు చూడకుండా లేచి వెళ్లవలసిన ప్రయాణం కోసం కష్టార్జితం ఖర్చు చేయవద్దన్నాను, ఇప్పటికీ అదే అంటాను. రాత్రి మ్యాచ్‌కు బదులు పగటి మ్యాచ్ ఎంచుకోవచ్చు కదా?

అరండల్‌పేట గుమాస్తా:

ఇప్పుడు దారికి వచ్చాం. 2025 మార్చి 30న, ఆదివారం, ఢిల్లీకీ సన్‌రైజర్స్‌కీ మధ్య మ్యాచ్ మధ్యాహ్నం మూడున్నరకు మొదలైంది. స్టార్క్ అయిదు వికెట్లు తీశాడు, రాత్రి బళ్లకు ఎంతో ముందే ఆట ముగిసింది. అలాంటివి ఎప్పుడు పడితే అప్పుడు మా కొట్టు వాళ్లం ముందు తిరుగు బండి బెర్తులు చూసుకుని, ఆ తరువాతే మ్యాచ్ టికెట్లు కొంటాం. పటమట అమ్మ గారు చెప్పిన జలాంతర్గామి మాత్రం వేసవి దాటి యార్డు తీరుబడి అయ్యాక, పిల్లలతో వేరే వెళ్లి చూస్తాం.