న్యూయార్క్ మేయర్ ఎన్నికలో ఓట్లు వర్గాల వారీగానే పడ్డాయా? తెలిసినవాళ్ళు చెప్పండి

మాది కావలి. 2025 న్యూయార్క్ మేయర్ ఎన్నిక మీద కాలేజీలో సెమినార్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. మన నెల్లూరులో మేయర్‌ని కార్పొరేటర్లు ఎన్నుకుంటారు, అక్కడ జనమే నేరుగా ఓటేస్తారు. లైంగిక వేధింపుల ఆరోపణలతో 2021లో న్యూయార్క్ రాష్ట్ర గవర్నర్ పదవి వదిలేసిన ఆండ్రూ క్యూమో, డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో ఓడిపోయి కూడా స్వతంత్రుడిగా నిలబడ్డారు, ఇజ్రాయెల్ మీద అన్న మాటలకు డెమోక్రటిక్ అభ్యర్థి జొహ్రాన్ మమ్దానీ మీదా చాలా విమర్శలొచ్చాయి, చివరికి ఆయనే గెలిచారు. మా నాన్న మాత్రం "ఇక్కడ కులం, అక్కడ జాతి, అంతే" అంటారు. నాకలా అనిపించడం లేదు, ఇంటి అద్దెలు, ఉచిత బస్సుల గురించి మమ్దానీ చెప్పిన మాట అందరినీ కదిలించిందనుకుంటున్నా. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో ఉండే తెలుగువాళ్ళు దయచేసి చెప్పండి, మీ చుట్టుపక్కల దక్షిణాసియా వాళ్ళు, నల్లజాతి వాళ్ళు, యూదులు నిజంగా మూకుమ్మడిగా ఓటేశారా, లేక ఒకే ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరికి, పిల్లలు ఒకరికి వేశారా? పేటల వారీగా ఓట్ల లెక్క ఎక్కడ దొరుకుతుంది?