సమస్యాపూరణం: మంచు మండిపోయె మనసులోన

సమస్యాపూరణం అంటే, పొసగనట్టు కనిపించే ఒక పాదం ఇస్తే, ఆ విరోధం తీరేలా మిగతా పాదాలు కట్టి పద్యం పూర్తి చేయడం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే (రెండు మూడు అక్షరాల చిన్న తునకలు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొంతన, ఇక్కడ మం–మ.

*మంచు మండిపోయె మనసులోన*

బొబ్బిలి నుంచి మన గుంపులో చేరిన ఇంటర్ అమ్మాయి హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1844లో అచ్చువేసిన మంచు రాణి కథను తెలుగులో తిరగరాస్తోంది. ఆమె రాతలో గెర్డా, కాయ్ అనే చిన్ననాటి స్నేహితులిద్దరికీ పదిహేడేళ్ళు. మాయాలోకం, ప్రేమకథ. అది విన్నాక ఈ పాదం నాకు తట్టింది. కాబట్టి పూరణ ఆ కథలోంచే రావాలి. చదవని వాళ్ళ కోసం: దయ్యం చేసిన అద్దం పగిలి, ఒక ముక్క కాయ్ గుండెలో, ఒకటి కంట్లో పడుతుంది. వాడు మారిపోతాడు. మంచు రాణి వెంట వెళ్ళిపోతాడు. గెర్డా వెతుక్కుంటూ ఉత్తరాన లాప్లాండ్ దాటి వెళ్తుంది.

శ్రీకాకుళం అక్క:

గెర్డ కంటినీరు కిందికి జారుచు
కాయి యెదను తాకె గడ్డ కరగె
కరగిపోని గాజు కణమును ముట్టగా
మంచు మండిపోయె మనసులోన

రాజాం మాస్టారు: గణాలు, యతులు అన్నీ సరిగ్గా ఉన్నాయమ్మా. కథ కూడా సరే, గెర్డా కన్నీళ్ళే వాడి గుండెలోకి ఇంకి, గడ్డను కరిగించి, లోపలి అద్దం ముక్కను హరించాయి. కానీ రెండో పాదంలోనే గడ్డ కరిగిపోతే నాలుగో పాదంలో మండడానికి మంచు ఎక్కడ మిగిలింది? ‘కాయి యెదను తాకె గాఢముగను’ అని చూడండి.

శ్రీకాకుళం అక్క: నిజమే మాస్టారూ. నేను ముందు నాగావళి గట్టు మీద తెల్లవారుజాము మంచుకు ఒక పూరణ రాసి చింపేశాను. ధనుర్మాసంలో మనం చూసేది పొగమంచే కదా, అది కరగదు, విడిపోతుంది. ఆ పద్యంలో మంట ఎంతకీ అంటుకోలేదు. గడ్డ కట్టిన మంచు మనకు ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడుంది?

చీపురుపల్లి తమ్ముడు: ఐసు పిడికిట్లో కాసేపు పట్టుకుంటే చెయ్యి మండుతుంది. ఆ మంటే నా పూరణ.

రాణి పెదవి తాక రాయిగా మారెను
చిన్ననాటి చెలిమి చెదరిపోయె
ముద్దు చల్లదనము ముల్లయి గుచ్చగా
మంచు మండిపోయె మనసులోన

నేను: ‘చిన్ననాటి చెలిమి చెదరిపోయె’ చదివి కాసేపు ఆగిపోయాను తమ్ముడూ. నడక ఎంత సులువుగా ఉందో. ఒక్కటే చిక్కు, వరస తిరగబడింది. రాణి మొదటి ముద్దుకి చలి గుండె దాకా దిగి, చచ్చిపోతానేమో అనిపిస్తుంది వాడికి, ఒక్క క్షణమే. ఆ తర్వాత చలే తెలియదు. గెర్డానీ, నాయనమ్మనీ, ఇంటినీ మరిచిపోయేది రెండో ముద్దుతో. మూడోది పెడితే ప్రాణం పోతుందని రాణే ఆగుతుంది. నీ పద్యంలో చెలిమి ముందు చెదిరింది, ముల్లు తర్వాత గుచ్చింది. మరిచిపోయిన వాడికి మంట తెలియదు కదా. రెండో పాదాన్ని మూడోదిగా మార్చలేవు, గణాలు వేరు. కొత్త పాదం కట్టు.

రాజాం మాస్టారు: నా ప్రయత్నం.

మాట కూర్చమనుచు మంచుముక్కలనిచ్చె
రాణి, యతని మతికి రాదు మాట
ఆమె కంటిచెమ్మ యక్షరాలను జేర్చ
మంచు మండిపోయె మనసులోన

శ్రీకాకుళం అక్క: మాస్టారూ, ఆ ముక్కలు గడ్డకట్టిన సరస్సు మీద, అంటే బయట ఉన్నాయి. ‘మనసులోన’ ఎలా కుదురుతుంది?

రాజాం మాస్టారు: ఆ సరస్సుకి రాణి పెట్టిన పేరే బుద్ధి అద్దం. వేల ముక్కలుగా పగిలి, ఒకదానిలాగే ఇంకొకటి ఉంటాయి. ‘శాశ్వతం’ అన్న మాట కూర్చితే లోకమంతా ఇస్తాను, కొత్త స్కేట్లు కూడా ఇస్తాను అంటుంది. వాడు ఆడుతున్నది తన బుద్ధితోనే, అందుకే మనసు అన్నాను.

నేను: ఈ వారం నాకు ఎక్కువ నచ్చింది ఇదే. సమస్యలో విరోధం తీర్చడం ఒక ఎత్తు, కథలో ఎవరూ పట్టించుకోని మూల నుంచి తీర్చడం ఇంకో ఎత్తు. లోకం, స్కేట్లు ఒకే ఊపిరిలో ఇస్తాననడం నాకు ఎప్పుడూ దిగులు పుట్టిస్తుంది. ఆడేది చిన్నపిల్లాడని ఆ రాణికి తెలుసు.

బొబ్బిలి అమ్మాయి: నాకు ఆటవెలది ఇదే మొదటిసారి. చాలా టెన్షన్‌గా ఉంది. తప్పులుంటే చెప్పండి.

ఈడు వచ్చినాక యిద్దరు గలిసిరి
చేయి పట్టి చెలియ ముద్దు నిడగ
కాయి కంటినుండి గాజు రాలిపడగ
మంచు మండిపోయె మనసులోన

నేను: తల్లీ, గణాలన్నీ నిలిచాయి, మొదటిసారికి ఇది పెద్ద మాట. రెండో పాదంలో యతి తప్పింది. ‘చే’కి ‘ము’ కలవదు. అక్కడ చే, చె, సి, జి లాంటి అక్షరం రావాలి. ‘చేయి పట్టి చెలియ చేరి యేడ్వ’ అంటే సరిపోతుంది. పద్యమే నిన్ను కథ దగ్గరికి తీసుకెళ్తోంది, చూడు. ఈ కథలో ముద్దు గడ్డకట్టించే ఆయుధం, అది రాణిది. దాన్నే గెర్డా చేతికిస్తే ఇద్దరికీ తేడా ఏముంటుంది?

బొబ్బిలి అమ్మాయి: కానీ అత్తా, గెర్డా కూడా ముద్దు పెడుతుంది కదా? బుగ్గల మీద, కళ్ళ మీద, చేతుల మీద, పాదాల మీద. అప్పుడే వాడికి రంగు వస్తుంది.

నేను: పెడుతుంది, బాగా పట్టుకున్నావు. ఎప్పుడో చూడు. ముందు ఆమె ఏడుస్తుంది, గుండెలో గడ్డ కరుగుతుంది. గులాబీల పాట పాడుతుంది. అప్పుడు వాడు ఏడుస్తాడు, కంట్లో ముక్క తన సొంత నీళ్ళతోనే కొట్టుకుపోతుంది. ఆ తర్వాతే ముద్దు. నీ కాయ్‌కి పదిహేడేళ్ళయినా వాడి ఏడుపు వాడికి ఉంచు, గెర్డా చేత అన్నీ చేయించకు.

రాజాం మాస్టారు: ‘ఈడు వచ్చినాక’ నాకు నచ్చింది. మూలంలో కూడా ఇంటికొచ్చి గుమ్మం దాటేటప్పుడే తాము పెద్దవాళ్ళయ్యామని ఇద్దరికీ తెలుస్తుంది. చిన్నప్పటి పీటలు అక్కడే ఉంటాయి, వాటి మీదే కూర్చుంటారు. ప్రేమకథ కావాలంటే ఆ పీటల దగ్గర మొదలుపెట్టమ్మా.

బొబ్బిలి అమ్మాయి: రెండో పాదం మార్చుకున్నాను. నా కథలో కాయ్ ఇంతవరకూ ఒక్కసారి కూడా ఏడవలేదు. ఆఖరి అధ్యాయం మళ్ళీ రాస్తాను.

నేను: రాశాక ఇక్కడే పెట్టు. చీపురుపల్లి తమ్ముడూ, నీ రెండో పాదం ఆదివారం లోపు.