1923 జర్మనీలో ధరలు ఆకాశానికంటడానికి అసలు కారణం ఏది?

కావలిలో ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ ట్యూషన్ చెబుతుంటాను. జర్మనీ పాఠం దగ్గర ఆగిపోయాను, తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

గైడ్లన్నిట్లో ఒకటే మాట: మొదటి ప్రపంచ యుద్ధ నష్టపరిహారం కట్టడానికి నోట్లు అచ్చేశారు, ధరలు పెరిగాయి. కానీ పరిహారం బంగారంలోనో, విదేశీ కరెన్సీలోనో, బొగ్గులాంటి సరుకుల్లోనో కట్టాలి కదా! కాగితం మార్కులు (జర్మనీ నోట్లు) ఎవరు తీసుకుంటారు? మరి మార్కులు అచ్చేసి వాటితో డాలర్లు కొనబోతే మార్కు పడిపోయిందా? లేక 1914 నుంచి పన్నుల కంటే అప్పుల మీదే యుద్ధం నడిపినప్పుడే బీజం పడిందా? ఏది ముందు?

జర్మనీ బొగ్గు, పరిశ్రమల ప్రాంతమైన రూర్ సంగతి మాత్రం అర్థమైంది. 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సైన్యాలు అక్కడికి వచ్చాక, నిరసనగా పని మానేసిన కార్మికులకు ప్రభుత్వం నోట్లు అచ్చేసి డబ్బులిచ్చింది. సరుకు తగ్గింది, నోట్లు పెరిగాయి. యుద్ధానికి ముందు డాలరుకు సుమారు 4.2 మార్కులు, 1923 నవంబరుకి 4.2 లక్షల కోట్లు!

నా పెద్ద డౌటు ఇది. అంత మంట రెంటెన్‌మార్క్ అనే కొత్త కరెన్సీ రాగానే ఎలా ఆరింది? దాని వెనక బంగారం లేదు, భూములూ పరిశ్రమల తాకట్టు అన్నారు. నోటు తీసుకెళ్లి పొలం ఇమ్మంటే ఇస్తారా ఏమన్నా? నోట్లకు పరిమితి పెట్టడం వల్లనా, ప్రభుత్వానికి రీచ్స్‌బ్యాంక్ (జర్మనీ కేంద్ర బ్యాంకు) అప్పు ఆపడం వల్లనా, లేక వట్టి నమ్మకమేనా? పొగాకు రైతుల పిల్లలకు ఎక్కేలా చెబితే ఇంకా మంచిది.