బొలేరో పికప్‌కి రేడియేటర్ మార్చాలి: కంపెనీదా, బయటిదా, కాపర్‌దా?

మిర్చిలోడు
బొలేరో పికప్, బీఎస్4, ఏసీ లేదు. ఫైబర్ ట్యాంకు, కోరు (సన్న ట్యూబులు, గాలికి చల్లబరిచే ఫిన్స్ ఉన్న మధ్య భాగం) కలిసే అంచు దగ్గర కూలంట్ కారుతోంది. ఒకరు కంపెనీదే వేయమంటారు, ఒకరు బయటి అల్యూమినియం చాలంటారు, ఇంకొకరు కాపర్‌కి మించింది లేదంటారు. గుంటూరు యార్డుకి లోడుతో తిరిగే బండి. ఏది వేయాలి?

ఆటోనగర్ టంకం
కారడం ఒక్కటేనా, హీటు కూడా ఎక్కుతోందా? ముందు అది తేల్చుకో తమ్ముడూ. ట్రాఫిక్‌లో హీటు ముల్లు లేచి, రోడ్డెక్కగానే దిగితే తప్పు ఫ్యాన్ వైపు ఉంటుంది: ఫ్యాన్‌ని తిప్పే విస్కస్ క్లచ్ జారుతుంటుంది, లేదా ఫ్యాన్ చుట్టూ ఉండే కవరు విరిగి ఉంటుంది. లోడుతో స్పీడు మీద వెళ్లినప్పుడే లేస్తే కోరు పూడుకుపోయింది, లేదా వేడెక్కాక కూలంట్‌ని రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోవట్లేదు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేసి చూడు. బుడగలు ఆగకుండా వస్తూనే ఉంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య సీలు) పోయి ఇంజన్ గ్యాస్ కూలంట్‌లోకి వస్తోందని అనుమానించాలి. దాన్ని వదిలేసి రేడియేటర్ మారిస్తే, ఆ గ్యాస్ ఒత్తిడే కొత్తదాని అంచునీ విప్పేస్తుంది.

మిర్చిలోడు
బుడగల్లేవు అన్నా. స్పీడు 70 దాటితే ముల్లు లేస్తోంది, ఆగితే దిగుతోంది.

టేపుకొలత
అయితే కోరు మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తిప్పండి. వేడి క్రమంగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఒక పట్టీ మాత్రమే 10, 15 డిగ్రీలు చల్లగా కనిపిస్తే ఆ ట్యూబుల్లో నీళ్లు కదలట్లేదన్నమాట.

కొనేటప్పుడు "బొలేరోది ఇవ్వండి" అని అడగొద్దు. బీఎస్3, బీఎస్4, బీఎస్6, ఏసీ ఉన్నది, లేనిది అన్నీ ఒకటే అనుకుంటే మోసపోతారు. ఛాసిస్ నంబరుతో పార్ట్ నంబరు తీయించి, పాతది విప్పి పక్కన పెట్టి పోల్చండి: ట్యాంకులు వదిలేసి కోరు ఎత్తు, వెడల్పు, మందం, హోస్ మూతులు ఏ వైపు, ఎంత లావు, కింది పిన్నుల మధ్య దూరం, ఫ్యాన్ కవరు బోల్టుల చోటు. చివరిది ఎక్కువమంది మర్చిపోతారు. కవరు కూర్చోకపోతే ఫ్యాన్ పక్కల గాలినే తిప్పుతుంటుంది, కోరు గుండా లాగదు.

మందం ఎక్కువైతే చల్లదనమూ ఎక్కువే అనుకోవద్దు. వెనక వరసకి చేరేసరికి గాలి ముందే వేడెక్కి ఉంటుంది, ఫ్యాన్‌కీ కోరుకీ మధ్య ఖాళీ కూడా తగ్గిపోతుంది.

రాగిపక్షం
కాపర్‌ని తక్కువ చేయకండి. పగిలితే ఏ ఊళ్లోనైనా టంకం పెడతారు, పూడితే ట్యాంకు ఊడదీసి ట్యూబుల్లో రాడ్డు దూర్చి శుభ్రం చేస్తారు. ఫైబర్ ట్యాంకుకి ఆ అవకాశం ఎక్కడిది?

ఆటోనగర్ టంకం
అన్నం పెట్టే పనే కాబట్టి కాదనను. కానీ రాగి వేడిని బాగా లాగినా మధ్యలో ఉన్న టంకం లాగదు. పైగా రాగి, ఇత్తడి కలిసి బరువెక్కువ. అల్యూమినియంలో ట్యూబు వెడల్పుగా ఉండి ఫిన్స్‌కి ఎక్కువ ఆనుతుంది. రోజూ లోడు తిరిగే బండికి కంపెనీది, లేదా అదే కొలతల పేరున్న అల్యూమినియంది వేయమంటాను. కాపర్ పాత బండ్లకి. ఏది కొన్నా షాపులోనే నీళ్ల తొట్టిలో ముంచి, ఒక బార్ గాలి పెట్టి చూపించమను. బుడగ వస్తే అక్కడే వాపసు.

డల్లాస్ ట్రక్కు
అమెరికాలో పికప్ నడిపే మనవాళ్లకి ఒక మాట. ఆటోమేటిక్ బండ్లలో చాలావాటికి గేర్ ఆయిల్ కూలర్ రేడియేటర్ ట్యాంకు లోపలే ఉంటుంది. అది లోపల చిల్లిపడితే కూలంట్ గేర్‌బాక్స్‌లోకి వెళ్లి, ఆయిల్ స్ట్రాబెర్రీ పాలలా మారుతుంది. ఆ రంగు కనిపిస్తే బండి కదపకండి, టో చేయించండి. కూలర్ ఉన్న మోడలా, లేనిదా చూసుకుని కొనండి.

టేపుకొలత
మూత కూడా కొత్తదే వేయండి, దాని మీది అంకె పాతదానితో కలవాలి. 0.9 బార్ మూత సరిగ్గా పట్టుకుంటే ఉత్త నీళ్లు కూడా సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. స్ప్రింగు చచ్చిన మూతతో 100 దగ్గరే మరుగుతాయి. అలాగని 0.9 బదులు 1.1 వేస్తే పాత హోస్‌లు ఉబ్బుతాయి.

బోరు నీళ్లు పోస్తే గారకట్టి మళ్లీ ఇదే కథ. డీమినరలైజ్డ్ నీళ్లు, కూలంట్ సగం సగం కలపండి, లేదా కలిపి అమ్మేదే కొనండి. ఆకుపచ్చది, నారింజది కలపొద్దు. రంగు పేరుకే, అసలు చూడాల్సింది డబ్బా మీద రాసిన రకం.

మిర్చిలోడు
లీక్ స్టాప్ పొడి వేసి సీజన్ గడిపేయొచ్చా?

ఆటోనగర్ టంకం
వద్దు. అంచు కారడానికి కారణం వాషరు ఎండిపోవడం, పొడి అక్కడ నిలవదు. సన్న ట్యూబుల్ని మాత్రం పూడుస్తుంది.

బిగించే ముందు థర్మోస్టాట్ తీసి ఇంజన్ బ్లాకుని నీళ్లు తేటగా వచ్చేదాకా కడుగు, లేకపోతే లోపలి తుప్పు నేరుగా కొత్త కోరులోకే వెళ్తుంది. కింది రబ్బరు బుష్‌లు కొత్తవి వేయి. అవి లేక ఛాసిస్ ఊపు నేరుగా తగిలి ఫైబర్ ట్యాంకులు పగులుతాయి. క్లిప్పు హోస్ కదలనంత బిగిస్తే చాలు, ఇంకా బిగిస్తే ఫైబర్ మూతి నలుగుతుంది.

మల్టీమీటర్ నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కి, ఎర్రది కోరుకి తగలకుండా కూలంట్‌లో పెట్టి చూడు. 0.3 వోల్టు దాటితే ఎక్కడో ఎర్తింగ్ పోయింది, ఆ కరెంటు అల్యూమినియాన్ని గుంటలు గుంటలుగా తినేస్తుంది. డైనమో, స్టార్టర్ ఎర్త్ వైర్లు ముందు చూడు.

నింపేటప్పుడు బండి ముందు భాగం కాస్త ఎత్తులో పెట్టి, హీటర్ ఉంటే పూర్తి వేడిలో ఉంచి, మూత తీసి ఐడిల్‌లో నడపాలి. పై హోస్ వేడెక్కాక పిసుకుతూ తగ్గినంత కూలంట్ పోస్తూ ఉండు. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్లీ లెవెల్ చూడు. తీసిన పాత కూలంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు తాగి చస్తాయి, కాలువలో పారబోయకు.