తాత షెఫీల్డ్ చాకు తుప్పు పట్టింది, ఏం చేయాలి?

మాది చిత్తూరు. మా తాత మామిడితోటలో వాడిన మడత చాకు ట్రంకుపెట్టెలో దొరికింది. బ్లేడు మొదట్లో నక్షత్రం, శిలువ, 'రాడ్జర్స్, షెఫీల్డ్, ఇంగ్లండ్' అని ఉంది. పిడి కొమ్ముది. తుప్పుకి సగమే తెరుచుకుంటోంది. తిరుపతిలో సాన పట్టించేదా?

జవాబు 1: గ్రైండర్ మీద మాత్రం పెట్టనివ్వద్దన్నా. అది కార్బన్ స్టీలు, వేడెక్కి అంచు నీలంగా మారిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే, ఆ తర్వాత ఎంత నూరినా పదును నిలవదు. కీలులో రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేసి రాత్రంతా వదిలెయ్, పొద్దున మెల్లగా కదిలించు, బలవంతం చేస్తే వెనక స్ప్రింగు విరిగిపోతుంది. ఎర్ర తుప్పుని నూనెలో తడిపిన సన్నటి స్టీల్ ఉన్నితో తీయ్. బూడిదరంగు మచ్చల్ని ముట్టుకోకు, పాత చాకుకి అందమే అది.

జవాబు 2: నక్షత్రం, మాల్టా శిలువ జోసెఫ్ రాడ్జర్స్ కంపెనీ గుర్తు, 1682 నాటిది. 'ఇంగ్లండ్' అని ఉంది కాబట్టి చాకు బహుశా 1890 తర్వాతిది, దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా చట్టం చేసింది అప్పుడే. ఈ పేరుతో నకిలీలూ వచ్చాయి, ముద్ర దగ్గరగా ఫోటో పెట్టండి.

జవాబు 3: పిడిని నీళ్లలో నానబెట్టకండి, పగుళ్లిస్తుంది. జింక కొమ్మయితే అమ్మకానికి పెట్టొద్దు, 1972 వన్యప్రాణి చట్టంతో చిక్కు.

అమ్మే ప్రసక్తే లేదు సార్. ఈ రాత్రికే నూనె వేస్తా, ఫోటో రేపు.