గూళ్ల ఫోటోలు పెట్టకూడదనే రూలు సబబేనా?

చెరువుగట్టు:
మా పక్షుల ఫోటోల గ్రూపులో కొత్త రూలొచ్చింది. గూడు, గుడ్లు, గూట్లో పిల్లలు, వీటిలో ఏది కనబడినా ఆ ఫోటో తీసేస్తారట. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతు (పెలికాన్) గొంతు సంచిలో పిల్ల తల దూర్చి తింటున్న ఫోటో పెట్టాను, అదీ లేపేశారు. టూరిస్టులందరూ ఎక్కే వాచ్‌టవర్ మీంచి తీసిందండీ అది! ఇంత గుడ్డిగా ఉండాలా రూలు?

అమీన్‌పూర్ కాకి:
ఉండాలి. ఎందుకో చెప్తా. మే నెల మిట్టమధ్యాహ్నం, మా చెరువు పక్క ఖాళీ ప్లాటు. తీతువు గూడంటే గులకరాళ్ల మధ్య చిన్న గుంట, అంతే. అందులో నాలుగు గుడ్లు, మట్టిరంగు మీద నల్లమచ్చలు. కాలు పడేదాకా కనబడవు. ఎండాకాలం తల్లో తండ్రో వెళ్లి పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి ఆ గుడ్లమీద కూర్చుంటుంది, చల్లబరచడానికి. ఇద్దరు కుర్రాళ్లు ఇంతింత లెన్సులేసుకుని గూటి ముందే బోర్లా పడుకున్నారు. పిట్ట నెత్తిమీద గిరగిరా తిరుగుతూ ఒకటే అరుపు, దిగదు. "యాక్షన్ బాగా దొరుకుతోందన్నా" అంటాడొకడు. అక్కడ గుడ్లు ఉడుకుతున్నాయిరా నాయనా! ఆ ఫోటోకి లైకులే లైకులు. మర్నాడు ఇంకో బ్యాచ్.

లెన్సు మామ:
తప్పు ఆ కుర్రాళ్లది. శిక్ష మాత్రం అందరికీనా? శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్లమీదే గూళ్లు కడతాయి. పక్షులు రాని ఏడు ఊరికి మంచిది కాదని నమ్మే జనం వాళ్లు. తమ పెరట్లో చెట్టును ఫోన్లో ఫోటో తీసినా మీ రూలు ప్రకారం నేరమేగా.

ప్లీడరు గుమాస్తా:
నేరమంటే గుర్తొచ్చింది. 1972 వన్యప్రాణి చట్టం సెక్షన్ 2(16)లో 'వేట' నిర్వచనం చూడండి. పక్షుల గుడ్లను, గూళ్లను చెదరగొట్టడం కూడా అందులో ఉంది. అభయారణ్యంలో ఫోటోలకు సెక్షన్ 28 కింద అనుమతి ఇస్తారు గానీ, ఆవాసాన్ని మార్చకూడదు, జంతువులకు హాని కలగకూడదు అని 2022 సవరణలో చేర్చారు. బ్యాక్‌గ్రౌండ్ క్లీన్‌గా రావాలని గూటి ముందు కొమ్మలు విరిచే మహానుభావులు ఇది చదువుకోవాలి. ఆ ఆకులే దానికి నీడ, గద్ద కంట పడకుండా ఉన్న చాటు.

లెన్సు మామ:
చట్టం చెదరగొట్టొద్దంది, ఫోటో తీయొద్దనలేదు. అంటే మీరూ నా మాటే అన్నారు.

ప్లీడరు గుమాస్తా:
అవును సార్. కానీ పిట్టను లేపి తీశాడో, దూరం నుంచి తీశాడో ఫోటో చూసి అడ్మిన్ ఎలా తేలుస్తాడు?

సూళ్లూరుపేట అమ్మాయి:
మీరంతా గూళ్ల దగ్గరే ఆగిపోయారు. పులికాట్ సరస్సుకి ఫ్లెమింగోలు మేతకే వస్తాయి, ఇక్కడ గూళ్లు కట్టవు. మీ రూలు ప్రకారం ఇక్కడ ఏం తీసినా ఓకే. జరిగేది వినండి. శ్రీహరికోట రోడ్డు మీద కారాపి, బురదలోకి దిగి, చప్పట్లు కొట్టి గుంపు మొత్తాన్ని లేపుతారు. రెక్కల లోపలి గులాబీ రంగు పడాలి కదా మరి! ఆ పక్షి గాల్లోకి లేవాలంటే ముందు నీళ్లమీద పరుగెత్తాలి. రోజంతా తింటున్నది ఆ పరుగులకే సరి. ఇప్పుడు పైన డ్రోన్లు కూడా. నన్నడిగితే ఫోటో కింద దూరం, లెన్సు, ఎక్కడ నిలబడ్డారు అనేది రాయమనండి. రాయకపోతే తీసేయండి.

లెన్సు మామ:
రాసేదంతా నిజమేనా తల్లీ?

కడప కలివి:
మామా, ఒక్కటి అడుగుతా. కలివికోడి (జెర్డాన్స్ కోర్సర్ అనే అరుదైన పిట్ట) 1900 తర్వాత కనబడక, అంతరించిపోయిందనుకున్నాక, 1986లో మా లంకమల అడవుల్లో దొరికింది. దాని గూడు ఎలా ఉంటుందో ఇంతవరకు నమోదు కాలేదు. రేపు మీకు కనబడితే?

లెన్సు మామ:
తీస్తా. అదొక్కటే సాక్ష్యం కదా.

కడప కలివి:
తీసి ఆ రాత్రే గ్రూపులో పెడితే తెల్లారేసరికి అక్కడ జీపులుంటాయి. దాన్ని వెతికిన శాస్త్రవేత్తలు వెంటపడలేదు. పొదల మధ్య మట్టి పట్టీలు పరిచి అడుగుజాడలు చూశారు, పిట్ట ముందుకొస్తే వాటంతటవే ఫోటో తీసే కెమెరా ట్రాపులు పెట్టి పక్కకు తప్పుకున్నారు. తీయండి, అటవీశాఖకి ఇవ్వండి. గ్రూపుకెందుకు?

అమీన్‌పూర్ కాకి:
నేలపట్టు, కొల్లేటి ఆటపాక లాంటి చోట్ల గుంపుగా గూళ్లు కట్టే కాలనీలకు ఒప్పుకుంటా, అక్కడ టవరుంది, గార్డు ఉన్నాడు. ఒంటరి గూడు మాత్రం వద్దు. గట్టులో లకుముకి బొరియకి కాపలా ఎవడుంటాడు?

చెరువుగట్టు:
ఇది బాగుంది. కాలనీలు ఓకే, ఒంటరి గూళ్లు వద్దు, ఫోటో ఫైల్లో ఎక్కడ తీశారో చెప్పే జీపీఎస్ తీసేసి పెట్టాలి, పక్షుల్ని లేపి తీసినవి ఏ కాలంలోనైనా తీసేయాలి. అడ్మిన్లకు ఈ పూటే రాస్తున్నా. మామా, మీ పేరూ పెట్టనా?

లెన్సు మామ:
పెట్టకు. జీపీఎస్ సంగతి వరకే ఒప్పుకున్నా.